ఉద్యోగం, ప్రసూతి సెలవు, పసిబిడ్డ: పనిచేసే తల్లి ముందుగా కుదుర్చుకోవలసిన ఏర్పాట్లు

ఉద్యోగం చేసే తల్లికి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఆమెనే మారమంటాయి. ఇంకాస్త తెల్లవారుజామున లేవమని, ఇంకాస్త ఓర్చుకోమని, సమయాన్ని ఇంకాస్త పొదుపుగా వాడమని చెబుతాయి. ఈ మార్గదర్శి ఆ దారిలో వెళ్లదు. ఉద్యోగానికీ ఇంటికీ మధ్య సమతూకం కుదరడం తల్లి ఓపిక మీద కంటే, ఆమె చుట్టూ ముందుగా కుదిరిన ఏర్పాట్ల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. సెలవు ఎన్ని వారాలు, ఆ వారాల్లో చేతికి వచ్చేది ఎంత, తిరిగి చేరాక పాలు పిండుకోవడానికి చోటు ఉందా, బిడ్డకు జ్వరం వచ్చిన రోజు ఎవరు ఇంట్లో ఆగుతారు అన్న ప్రశ్నలను బిడ్డ పుట్టాక, నిద్ర లేని రాత్రుల నడుమ తేల్చుకోవలసి వస్తే, జవాబు దాదాపు ప్రతిసారీ తల్లి వైపే మొగ్గుతుంది. ముందే, వీలైనంతవరకు రాతపూర్వకంగా తేల్చుకుంటే భారాన్ని పంచుకునే వీలు ఉంటుంది. అందుకే ఈ అడుగులు గర్భం నిర్ధారణ అయిన నాటి నుంచి మొదలై, ఉద్యోగంలో తిరిగి చేరిన ఆరు నెలల దాకా సాగుతాయి.

మొదటి అడుగు: మీ హక్కులను మీరే చదవండి

ప్రసూతి సెలవు యజమాని దయతలచి ఇచ్చేది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ తాను ఏర్పడిన 1919లోనే ప్రసూతి రక్షణపై ఒక ఒడంబడికను ఆమోదించి, 12 వారాల సెలవును అందులో చేర్చింది. 2000లో ఆమోదించిన 183వ ఒడంబడిక దాన్ని కనీసం 14 వారాలు చేసింది. అందులో ప్రసవం తరువాతి 6 వారాలు సాధారణంగా తప్పనిసరి సెలవుగా ఉండాలి. నగదు ప్రయోజనాన్ని అంతకుముందు సంపాదనను బట్టి లెక్కించే చోట, అది ఆ సంపాదనలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. సెలవు ముగిశాక అదే ఉద్యోగానికి గానీ, అంతే జీతం ఉన్న సమానమైన ఉద్యోగానికి గానీ తిరిగి వచ్చే హక్కు తల్లికి ఉంటుంది. గర్భం వల్లో ప్రసవం వల్లో తనను తొలగించారని ఆమె ఆరోపిస్తే, కారణం అది కాదని నిరూపించవలసిన బాధ్యత యజమానిది. అదే సంవత్సరం వెలువడిన 191వ సిఫారసు సెలవును 18 వారాలకు పెంచాలని సూచించింది.

అయితే ఒడంబడికలు దారి చూపుతాయే తప్ప, మీ ఉద్యోగంలో అమలయ్యేది మీ దేశపు చట్టమే. ఆ చట్టాల మధ్య తేడా చాలా పెద్దది. స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవు స్థానంలో తల్లిదండ్రులిద్దరికీ వర్తించే సెలవును తెచ్చింది. ఇప్పుడు అక్కడ ఒక్కో బిడ్డకు 480 రోజుల భత్యం ఉంటుంది, అందులో 90 రోజుల చొప్పున తల్లికీ తండ్రికీ విడిగా కేటాయించినవి. భారతదేశంలో 1961 నాటి చట్టాన్ని 2017లో సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు లభిస్తోంది. అమెరికా 1993లో చేసిన కేంద్ర చట్టం అర్హులైన ఉద్యోగులకు 12 వారాలే ఇస్తుంది, అది కూడా జీతం లేకుండా. కనుక వేరే సంస్థలో, వేరే దేశంలో పనిచేసే స్నేహితురాలి అనుభవాన్ని మీ లెక్కగా తీసుకోకండి.

చట్టం, మీ నియామక పత్రం, సంస్థ సెలవుల విధానం, ఆరోగ్య బీమా పత్రం, ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. అర్హతకు ఎన్ని రోజుల సర్వీసు కావాలి, సెలవు భత్యాన్ని మూల వేతనం మీద లెక్కిస్తారా లేక మొత్తం జీతం మీదా, దాన్ని యజమాని ఇస్తాడా సామాజిక బీమా సంస్థ ఇస్తుందా, ఎంత ముందుగా నోటీసు ఇవ్వాలి, నెలలు నిండకుండా ప్రసవమైతేనో గర్భస్రావం జరిగితేనో ఏ నిబంధన వర్తిస్తుంది, సెలవు కాలం సీనియారిటీకీ ఇంక్రిమెంటుకూ లెక్కలోకి వస్తుందా అన్నవి అందులో వెతకవలసిన సంగతులు. స్పష్టత లేనిచోట హెచ్‌ఆర్ విభాగాన్ని ఈమెయిల్ ద్వారానే అడగండి. నోటిమాటగా వచ్చిన హామీ, ఇచ్చిన మేనేజరు బదిలీ అయిన రోజున నిలవదు.

కాంట్రాక్టు మీద పనిచేసేవారు తమకు ఏమీ రాదని ముందే అనుకుని అడగకుండా ఉండిపోతారు. కొన్ని చట్టాలు వారికీ వర్తిస్తాయి. కాంట్రాక్టు గడువు సెలవు మధ్యలో ముగిసేలా ఉంటే మాత్రం, కార్మిక సంఘాన్నో కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదినో తొలి నెలల్లోనే కలవడం మంచిది.

రెండవ అడుగు: ఆఫీసులో చెప్పడం, పని అప్పగించడం

చాలామంది మొదటి 12 వారాలు గడిచేదాకా ఆగుతారు, ఎందుకంటే గర్భస్రావాలలో ఎక్కువ భాగం ఆ వ్యవధిలోనే జరుగుతాయి. అలా ఆగడం సబబే. కానీ బరువులు ఎత్తడం, రసాయనాలు, రేడియేషన్, రాత్రి షిఫ్టులు మీ పనిలో ఉంటే ఆగవద్దు. అలాంటి పని నుంచి తప్పించి వేరే పని ఇవ్వమని అడిగే హక్కు చాలా చట్టాల్లో ఉంది, కానీ మీరు తెలియజేసిన తరువాతే అది పనిచేస్తుంది.

ముందు మేనేజరుతో ముఖాముఖి మాట్లాడి, అదే రోజు చిన్న ఈమెయిల్ రాయండి. ప్రసవం అంచనా తేదీ, సెలవు మొదలుపెట్టాలనుకుంటున్న తేదీ, తిరిగి చేరాలనుకుంటున్న తేదీ, పని అప్పగింత గురించి ఎప్పుడు కూర్చుందామనే ప్రతిపాదన అందులో ఉంటే చాలు. క్షమాపణ అక్కర్లేదు. «సెలవులో ఉన్నా ఫోన్‌కి అందుబాటులో ఉంటాను» అనే వాక్యాన్ని దయచేసి రాయకండి. మంచితనంతో రాసిన ఆ ఒక్క వాక్యమే తరువాత ప్రతి వారం వచ్చే ఫోన్లకు ఆధారమవుతుంది. దానికి బదులు, అత్యవసరమైతే ఎవరు, ఏ మార్గంలో మాత్రమే సంప్రదించాలో నిర్ణయించుకోండి. ఆఫీసులో జరిగే పెద్ద మార్పులు, ప్రమోషన్ల ప్రకటనలు, అప్రైజల్ గడువులు మాత్రం మీకు తెలియజేయాలని స్పష్టంగా కోరండి. సెలవులో ఉన్నవారికి చెప్పకపోవడం వల్లే ఎన్నో అవకాశాలు చేజారిపోతుంటాయి.

అప్పగింత పత్రాన్ని ఏడవ నెల దాటకముందే సిద్ధం చేయండి, ప్రసవం అంచనా తేదీకంటే ముందే వచ్చేయవచ్చు. ఏ పని ఎవరికి వెళుతోంది అన్నదానితోపాటు, మీరు తిరిగి వచ్చాక ఏ పనులు మళ్లీ మీ చేతికి వస్తాయో కూడా అందులో రాసి, మేనేజరు ఆమోదం తీసుకోండి. తాత్కాలికంగా అప్పగించిన బాధ్యత శాశ్వతంగా జారిపోకుండా కాపాడేది ఆ కాగితమే.

మూడవ అడుగు: డబ్బు లెక్క ఇద్దరి జీతాల మీద వేయండి

సెలవు నెలల్లో వచ్చేది ఎంతో, అయ్యే ఖర్చు ఎంతో నెలవారీగా రాసుకోవడం అందరూ చేసేదే. ఇక్కడ ఒకే ఒక్క పొరపాటు గురించి చెప్పాలి, అది తల్లుల ఉద్యోగాలనే మింగేస్తుంది. డే కేర్ ఖర్చును తల్లి జీతంలోంచి మాత్రమే తీసివేసి, «మిగిలేది ఇంతేనా, దీనికోసం బిడ్డను వదిలి వెళ్లాలా» అని లెక్కకడతారు. బిడ్డ ఇద్దరిదైనప్పుడు సంరక్షణ ఖర్చూ ఇద్దరి ఉమ్మడి ఆదాయం మీదే పడాలి. పైగా ఆ ఖర్చు కొన్నేళ్లే ఉంటుంది; ఉద్యోగం మానేస్తే పోయేది ఆ కొన్నేళ్ల జీతమే కాదు, ఆ తరువాతి పెరుగుదల, పదోన్నతి, పదవీ విరమణ పొదుపు కూడా.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ పరిశోధనలు తేల్చిన ముఖ్య విషయాల్లో ఒకటి ఇదే. నేడు సంపన్న దేశాల్లో ఒకే వృత్తిలో ఉన్న స్త్రీ పురుషుల మధ్య సంపాదన తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టాకే పుట్టుకొస్తుంది. ఎక్కువ గంటలు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పనిచేసేవారికి ఆ అదనపు గంటల నిష్పత్తికి మించి ఎక్కువ చెల్లించే ఉద్యోగాలు ఆ తేడాను ఇంకా పెంచుతాయి. దంపతుల్లో ఒకరు ఆ రకం ఉద్యోగానికి పూర్తిగా అంకితమైతే, రెండోవారు ఇంటి పిలుపులన్నిటికీ హాజరు కావలసిన వారవుతారు. ఆ రెండోవారు ఎవరో ఎవరూ కూర్చుని నిర్ణయించరు, అలా జరిగిపోతుంది. కాబట్టి కూర్చుని నిర్ణయించండి.

నాలుగవ అడుగు: ఇంట్లో పనిని కాదు, బాధ్యతను పంచుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసిన అడుగు ఇది. «నువ్వు చెప్పు, నేను చేస్తాను» అనే భర్త మంచివాడే కావచ్చు, కానీ ఆ ఏర్పాటులో పని మాత్రమే చేతులు మారుతుంది, ఆలోచన భార్య తలలోనే మిగిలిపోతుంది. ఏ పనికైనా మూడు భాగాలుంటాయి: అవసరాన్ని గమనించడం, ఎలా ఎప్పుడు చేయాలో నిర్ణయించడం, చేయడం. మూడోదాన్ని ఒక్కదాన్నే పంచితే తల్లి తన ఉద్యోగంతోపాటు ఇంటికి మేనేజరుగా రెండో ఉద్యోగం చేస్తున్నట్టే.

బిడ్డ టీకాల సంగతే తీసుకుందాం. తదుపరి తేదీ గుర్తుంచుకోవడం, డాక్టరు దగ్గర సమయం తీసుకోవడం, ఆ పూట ఆఫీసులో అనుమతి అడగడం, టీకా కార్డు వెంట తీసుకెళ్లడం, ఆ రాత్రి జ్వరం వస్తుందేమో కనిపెట్టుకుని ఉండడం, అవసరమైతే మరునాడు ఆగిపోవడం, ఇదంతా కలిస్తేనే ఒక పని. తండ్రి టీకాల బాధ్యత తీసుకున్నాడంటే ఇదంతా తీసుకున్నట్టు. బిడ్డ బట్టలు, డే కేర్‌తో సంప్రదింపులు, రాత్రి మేలుకోవడం, ఇంట్లోని పెద్దవారి మందులు, వచ్చే అతిథులు, బిల్లులు, ఇలా ఇంటి పనులన్నీ కాగితం మీద పెట్టి, ఒక్కో పనికి ఒక్కరి పేరే రాయండి. ఇద్దరి పేర్లు రాసిన పని చివరకు తల్లి దగ్గరికే వస్తుంది. ఒకసారి అప్పగించాక, అవతలివారు తమ పద్ధతిలో చేయడాన్ని ఒప్పుకోవాలి. బిడ్డ క్షేమానికి భంగం లేనంతవరకు చొక్కా వెనుక ముందు అయినా పరవాలేదు.

తండ్రి సెలవు విషయంలో ఒక గట్టి సూచన. చాలామంది తండ్రులు ప్రసవం అయిన వెంటనే, తల్లి ఇంట్లో ఉన్నప్పుడే సెలవు మొత్తం వాడేస్తారు. ఆ మొదటి రోజులు అవసరమే, కానీ వీలుంటే కొన్ని వారాలను తల్లి ఉద్యోగంలో తిరిగి చేరే సమయానికి దాచండి. బిడ్డతో ఒంటరిగా, అడగడానికి పక్కన ఎవరూ లేకుండా గడిపిన రోజుల్లోనే తండ్రి సహాయకుడి స్థానం నుంచి బాధ్యుడి స్థానానికి వస్తాడు. తీసుకోకపోతే పోయేలా తండ్రికంటూ కొన్ని వారాలను 1993లో నార్వే కేటాయించాక, అంతకుముందు బహు కొద్దిమంది తండ్రులు వాడుకున్న సెలవును కొన్నేళ్లలోనే అర్హులైన తండ్రులలో ఎక్కువమంది వాడుకోవడం మొదలుపెట్టారు. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన ఆదేశం కూడా తండ్రికి కనీసం 10 పనిదినాల సెలవును, తల్లికీ తండ్రికీ చెరి నాలుగు నెలల సెలవును, అందులో రెండేసి నెలలు ఒకరి నుంచి మరొకరికి బదలాయించకూడనివిగా నిర్దేశించింది. తండ్రులకు ఇష్టం లేక కాదు, ఆఫీసులో అడగడానికి జంకి మానేస్తున్న సందర్భాలు ఎక్కువ. ఆ జంకును భార్య కాదు, భర్తే తన మేనేజరు ముందు దాటాలి.

అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యల సాయం ఉన్నవారు అదృష్టవంతులు. కానీ వారి ఆరోగ్యం, వారి ప్రయాణాలు, వారి ఇష్టం కూడా లెక్కలోకి రావాలి. ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని గంటలు అన్నది వారిని మర్యాదగా, నేరుగా అడగండి. ఒంటరి తల్లులు ఇదే జాబితాలో భర్త పేరు ఉండవలసిన చోట అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, స్నేహితులు, జీతానికి పెట్టుకున్న మనిషి పేర్లు రాసుకుని, ప్రతి అత్యవసర పనికీ ఒకరు రాలేకపోతే మరొకరు ఉండేలా చూసుకోవాలి.

ఐదవ అడుగు: సెలవు కోలుకోవడానికే

ప్రసవం తరువాతి మొదటి ఆరు వారాలు శరీరం కోలుకునే కాలం, శస్త్రచికిత్స జరిగితే ఇంకా ఎక్కువ పట్టవచ్చు. పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది కనుక, ఆ రోజుల్లో తల్లికి «ఖాళీ సమయం» ఉండదు. ఆగిపోయిన కోర్సులు, ఇల్లు సర్దడాలు ఈ వారాల్లోకి నెట్టకండి.

ప్రసవం తరువాత కొద్ది రోజులకు కారణం లేకుండా ఏడుపు రావడం, దిగులు, చిరాకు చాలామంది తల్లులలో కనిపించి, సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉంది. 1987లో రూపొందించిన ఎడిన్‌బరో ప్రశ్నావళి పది ప్రశ్నలతో దాన్ని పసిగట్టడానికి తోడ్పడుతుంది. వైద్యురాలిని అడిగితే ఆ పరీక్ష చేస్తారు. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ సంకేతాలు తల్లికంటే ముందు భర్తకు కనిపించవచ్చు. కాబట్టి ఈ పేరాను ఆయనా చదవాలి.

ఆరవ అడుగు: బిడ్డను ఎవరికి అప్పగించాలి

డే కేర్ వెతకడం సెలవు చివరి నెలలో మొదలుపెడితే ఆలస్యమవుతుంది. మంచి చోట్ల వరుస ఉంటుంది. గోడల రంగులు, బొమ్మల కంటే ముందు ఎందరు పిల్లలకు ఒక మనిషి ఉన్నారో అడగండి. ఇంగ్లండు నిబంధనల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి కనీసం ఒకరు ఉండాలి, పోల్చుకోవడానికి ఆ లెక్క బాగుంటుంది. పసిబిడ్డలను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లు లేకుండా పడుకోబెడుతున్నారా, సిబ్బంది తరచుగా మారుతుంటారా, జ్వరం వస్తే ఎంత సేపట్లో వచ్చి తీసుకెళ్లాలి, బిడ్డను ఎవరికి అప్పగిస్తారు అన్నవి తరువాతి ప్రశ్నలు. రెండోసారి చెప్పకుండా వెళ్లి చూడండి. చెప్పకుండా వచ్చిన తల్లిదండ్రులను గుమ్మంలోనే ఆపే చోట బిడ్డను చేర్చకండి.

దాదాపు ఎనిమిదో నెల నుంచి పిల్లలు తల్లి కనబడకపోతే గట్టిగా ఏడ్వడం మొదలుపెడతారు. అది ఎదుగుదలలో భాగమే అయినా, సరిగ్గా అదే సమయంలో కొత్తచోట చేర్చవలసి వస్తే ఇద్దరికీ కష్టమవుతుంది. అందుకని ఉద్యోగంలో చేరడానికి రెండు వారాల ముందు నుంచే, మొదట మీరు పక్కన ఉండగా గంటసేపు, ఆపై మీరు లేకుండా రెండు గంటలు, తరువాత పూట, ఇలా అలవాటు చేయండి. వెళ్లేటప్పుడు కనబడకుండా జారుకోకుండా, చెప్పి వెళ్లండి.

ఏడవ అడుగు: చనుబాలు, ఆఫీసు గంటలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వమని, ఆ తరువాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించవచ్చని చెబుతోంది. ఆలోగా ఉద్యోగంలో చేరేవారు రెండు మూడు వారాల ముందు నుంచే పాలు పిండి నిల్వ చేయడం, బిడ్డకు గిన్నెతోనో సీసాతోనో మరొకరి చేత తాగించడం అలవాటు చేయాలి. తల్లి చేతిలో ఉన్నప్పుడు సీసా నిరాకరించే బిడ్డ, మరొకరి చేతిలో తాగవచ్చు.

పిండిన తాజా పాలు 25 డిగ్రీల సెల్సియస్ లోపు గది ఉష్ణోగ్రతలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజుల దాకా ఉంటాయి. డీప్ ఫ్రీజర్‌లో 6 నెలల్లోపు వాడడం మేలు. గడ్డకట్టించిన పాలను కరిగించి ఫ్రిజ్‌లో ఉంచితే 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే కొన్నిచోట్ల మరీ వేడెక్కి బిడ్డ నోరు కాలే ప్రమాదం ఉంది. వేడినీటి గిన్నెలో సీసాను ఉంచి గోరువెచ్చగా చేయండి. బిడ్డ తాగి వదిలిన పాలను రెండు గంటలు దాటాక పారబోయాలి. ప్రతి సీసా మీద తేదీ రాయండి.

ఆఫీసులో సుమారు మూడు గంటలకోసారి పాలు పిండాలి. ఎక్కువసేపు ఆపితే రొమ్ములు గడ్డకట్టి నొప్పి, జ్వరం రావచ్చు, పాలూ తగ్గుతాయి. తలుపు గడియ పడే గది, ప్లగ్గు, చేతులు కడుక్కునే వీలు, ఫ్రిజ్‌లో కొంత చోటు కావాలని చేరకముందే ఈమెయిల్ రాయండి. మరుగుదొడ్డి ఇందుకు తగిన చోటు కాదు, దాన్ని చూపిస్తే ఒప్పుకోకండి. పైన చెప్పిన 183వ ఒడంబడిక పాలిచ్చే విరామాలను పనివేళల్లో భాగంగా లెక్కించి జీతం ఇవ్వాలంటోంది. మీ క్యాలెండర్‌లో ఆ సమయాలకు మీటింగులు పడకుండా ముందే నింపి పెట్టండి. ఇవన్నీ చేసినా పాలు చాలకపోవచ్చు. వైద్యుల సలహాతో డబ్బా పాలు కలిపిన తల్లి ఏ తప్పూ చేయలేదు.

ఎనిమిదవ అడుగు: తిరిగి చేరడం

సోమవారం కాకుండా బుధవారమో గురువారమో చేరండి. మొదటి వారం రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది. అంతకు ముందు వారం ఒక ఉదయం నిజంగా ఆఫీసుకు వెళుతున్నట్టే లేచి, తయారై, బిడ్డను అప్పగించి రండి, ఎక్కడ సమయం చాలడం లేదో ఆ ఒక్క పూటలో తెలిసిపోతుంది.

చేరిన తొలిరోజుల్లోనే అప్పగింత పత్రాన్ని ముందుంచుకుని మేనేజరుతో కూర్చోండి. ఏ పనులు ఎప్పటిలోగా తిరిగి మీ చేతికి వస్తాయి, సాయంత్రం ఎన్ని గంటల తరువాత మీరు మీటింగులకు రారు, వారంలో ఏ రోజులు ఇంటి నుంచి పనిచేస్తారు అన్నవి మాట్లాడి రాసుకోండి. పనివేళల సడలింపు కోరేటప్పుడు పని ఎలా పూర్తవుతుందో కూడా చెప్పి, మూడు నెలల ప్రయోగంగా ప్రతిపాదిస్తే మేనేజరు ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. సగం గంటలకు, సగం జీతానికి మారమని అంటే, పని కూడా సగానికి తగ్గుతుందని రాతలో హామీ ఉంటేనే ఒప్పుకోండి. చాలాచోట్ల తగ్గేది జీతమే.

డే కేర్‌లో చేరిన పిల్లలకు మొదటి ఏడాది జలుబులు, జ్వరాలు తరచుగా వస్తాయి. ఇంట్లోనే పెరిగే పిల్లలకే మొదటి రెండేళ్లలో 8 నుంచి 10 సార్లు జలుబు చేయడం మామూలు. ఫోన్ వచ్చిన క్షణంలో ఎవరు వెళ్లాలని వాదించుకోకుండా, సరి తేదీల్లో ఒకరు, బేసి తేదీల్లో ఒకరు అని ముందే అనుకోండి. డే కేర్‌లో మొదట పిలవవలసిన నంబరుగా తండ్రి నంబరు ఇవ్వండి; తల్లి నంబరు రెండోదిగా ఉన్నా సరిపోతుంది.

తొమ్మిదవ అడుగు: అన్యాయం జరిగితే

చేరాక మీ బల్ల, మీ బృందం, మీ బాధ్యతలు మారిపోయి ఉండవచ్చు. సెలవు కాలాన్ని సాకుగా చూపి అప్రైజల్‌లో రేటింగ్ తగ్గించవచ్చు. ముందుగా కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో తేదీలతో రాసుకోండి. నియామక పత్రం, పాత అప్రైజళ్లు, సెలవు మంజూరు ఉత్తరం మీ సొంత ప్రతులుగా ఇంట్లో ఉంచుకోండి, అయితే సంస్థ గోప్య సమాచారాన్ని బయటికి పంపకండి. సంస్థ లోపలి ఫిర్యాదుతో పరిష్కారం దొరకకపోతే కార్మిక శాఖకో ట్రిబ్యునల్‌కో వెళ్లవచ్చు. అలాంటి ఫిర్యాదులకు గడువులు ఉంటాయి, కొన్ని దేశాల్లో అవి నెలల్లోనే ముగుస్తాయి, కనుక సర్దుకుంటుందేమోనని ఏడాది చూడకండి. రాజీనామా పత్రం మీద సంతకం మాత్రం ఎవరు ఒత్తిడి చేసినా అదే రోజు పెట్టవద్దు. చదివి చెబుతానని ఇంటికి తెచ్చుకోవడానికి మీకు పూర్తి హక్కు ఉంది.

ఆరు నెలలకు ఒకసారి జాబితా తిరగేయండి

బిడ్డ పాకడం మొదలుపెట్టినప్పుడు ఒక రకం పని, నడక వచ్చినప్పుడు మరో రకం పని. చేరిన ఆరు నెలలకు నాలుగవ అడుగులో రాసుకున్న జాబితాను భార్యాభర్తలు మళ్లీ ముందు పెట్టుకుని, ఏ పనులు పేరు రాసినవారి చేతిలోంచి జారి రెండోవారి దగ్గరికి చేరాయో గుర్తు పెట్టండి. రాత్రి మేలుకునే వంతులు, జ్వరం రోజుల వంతులు, ఒక్కొక్కరికీ వారంలో దొరుకుతున్న నిద్ర, బయటికి వెళ్లే గంటలు పక్కపక్కన రాస్తే తేడా దానంతటదే కనిపిస్తుంది. మేనేజరుతో కుదిరిన మూడు నెలల ప్రయోగం గడువు కూడా ఈలోగా ముగిసే ఉంటుంది కాబట్టి, దాన్ని కొనసాగించాలా మార్చాలా అన్నది అదే వారంలో అడిగి, వచ్చిన జవాబును పాత ఈమెయిళ్ల వరుసలోనే భద్రపరచండి.